మొదటి అక్షరానికి ముందు ఎఫ్12

ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. "హోంవర్క్ ఏది?" అంటే "ఇంట్ల మరిచిపోయిన సార్" అన్న పిల్లల్ని ఎంతమందిని బెంచీ ఎక్కించానో లెక్కలేదు. ఒక రాత్రి ఆ పిల్లల గతే నాకూ పట్టింది.

మా బడి పూర్వ విద్యార్థుల సంచిక కోసం 22 పేజీల వర్డ్ ఫైలు మెయిల్లో వచ్చింది. మెయిల్లోనే రెండుసార్లు నొక్కి తెరిచాను, దిద్దడం మొదలుపెట్టాను. పేరాకోసారి కంట్రోల్ ఎస్. రాత్రి ఒంటిగంటకు మూసేసి హాయిగా పడుకున్నాను. తెల్లారి అదే మెయిల్ తెరిస్తే మొదటి వాక్యంలోనే ‘శ్రద్ద’ అని ఉంది. ఆ ఒత్తు నేను సరిచేశాను కదా!

తర్వాత చేసింది చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఎవరు ముట్టుకున్నారని ఇంట్లోవాళ్ల మీద అరిచాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. అదీ చాలక చెత్త తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపాను. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పిల్లగాడు చూసి, "పొద్దున దాక ఈడనే ఉండె సార్. మీరే ఊడ్చిన్రు" అన్నాడు.

అసలు జరిగింది ఇదీ: మెయిల్‌తో వచ్చేది నకలు. 1992లో బోరెన్‌స్టీన్, ఫ్రీడ్ అనే ఇద్దరు మైమ్ అనే పద్ధతి తెచ్చారు. అప్పట్నుంచి ఫైలు అక్షరాలుగా మారి ఉత్తరంలోనే కలిసి వస్తోంది. మనం తెరిస్తే కంప్యూటర్ దానికి ఇంకో నకలు తీసి తాత్కాలిక ఫోల్డర్లో పడేస్తుంది. క్లాసిక్ అవుట్‌లుక్ అయితే ‘కంటెంట్.అవుట్‌లుక్’ అని కంటికి కనపడని ఫోల్డర్ ఒకటి. నా కంట్రోల్ ఎస్‌లన్నీ అందులోకే పోయాయి.

మీకిలా జరిగితే దేన్నీ ఊడ్చకండి. వర్డ్‌లో ఇటీవలి ఫైళ్ల జాబితా చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. లేదంటే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లో ‘రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్’. అదీ కాకపోతే ఆ తాత్కాలిక ఫోల్డర్. దొరికిన మరుక్షణం వేరే చోట దాచండి. ఏమీ దొరక్కపోతే ఏడుస్తూ కూర్చోకుండా గుర్తున్నది అప్పుడే రాసేయండి. నేర్చినదాంట్లో చాలా భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ 1885లోనే రాశాడట. నేను రెండు రోజులు అలిగి కూర్చున్నాను, ఫలితం అనుభవించాను.

ఇప్పుడు నా అలవాటు. ఫైలు తెరవగానే, ఒక్క అక్షరం ముట్టకముందే, ఎఫ్12. అంటే సేవ్ యాజ్. పేరు, తేదీ, ఫోల్డర్ మూడూ పైకి చెప్పుకుంటాను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ. మా సిద్దిపేటలో గొల్లభామ చీర నేసేవాళ్లను చూడండి. తలమీద కుండ పెట్టుకున్న ఆ బొమ్మను పోగు పోగుగా చేత్తో ఎక్కిస్తారు. కానీ మగ్గానికి పడుగు సరిగ్గా ఎక్కించందే మొదటి పోగు వేయరు. మనం మాత్రం పడుగు లేకుండానే నేస్తాం! ఇల్లు కొన్నా, అప్పిచ్చినా, పిల్లల్ని కాలేజీలో చేర్చినా ఇదే తొందర. కాగితం ఎవరి దగ్గరుందో అడగం, పోయాక ఇంట్లోవాళ్ల మీద పడతాం. నాకిది అరవై ఏళ్లకు అర్థమైంది. మీకింకా టైముంది, భయపడకండి. ఒక వారం ఎఫ్12 నొక్కి చూడండి, రెండో వారం వేలు దానంతటదే పోతుంది.

మిగతా సలహాలు మీకు తెలిసినవే: పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, దిద్దిన ఫైలు మీకు మీరే మెయిల్ చేసుకోవడం, రాత్రి పదకొండు దాటాక ముఖ్యమైనవి ముట్టకపోవడం. చివరిది నేనే పాటించను.

సంచిక అచ్చయింది. మా ఊరి కోమటి చెరువు మీద ఆ రాత్రి దిద్దుతూ నేను కొత్తగా రాసిన పేరా మాత్రం అందులో లేదు. ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.