ఫొటో దిద్దాలా, బొమ్మ గీయాలా? ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంచుకోండిలా

పాత ఫొటోలు బాగుచేయాలన్నా, పిల్లలు కంప్యూటర్లో బొమ్మలు వేస్తామన్నా వేలకు వేలు పోసి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఏ పనికి ఏది వాడాలో తెలిస్తే చాలు.

1. తాతగారి పెళ్లి ఫొటో మీద మడత గీతలు, చెమ్మ మరకలు ఉన్నాయా? జింప్ వేసుకోండి. 1996 నుంచీ ఉన్న ప్రోగ్రామ్ ఇది. హీల్ టూల్ ఎంచుకోండి. కంట్రోల్ కీ నొక్కి, మరక పక్కనే శుభ్రంగా ఉన్న చోట క్లిక్ చేయండి. తర్వాత మరక మీద కొంచెం కొంచెంగా రుద్దండి. చీర అంచులు, కనురెప్పల దగ్గర మాత్రం హీల్ రంగుల్ని పులిమేస్తుంది. అక్కడ క్లోన్ టూలే నయం. ముందు ఒరిజినల్ లేయర్‌కి నకలు తీసి, నకలు మీదే పని చేయండి.

2. బొమ్మలు గీయడానికి జింప్ కంటే క్రిటా ఎంతో మేలు. చెయ్యి వణికినా గీత నున్నగా రావడానికి ఇందులో స్టెబిలైజర్ ఉంది. మల్టీబ్రష్‌తో ఒక రేక గీస్తే చాలు, మిగతా రేకులు చుట్టూ వాటంతటవే పడతాయి. ముగ్గులు వేసే చేతులకు ఇది పండగే! చీర డిజైన్లు గీసేవారు డబ్ల్యూ కీ నొక్కి చూడండి. ఒక అంచు దాటిన గీత అవతలి అంచులోంచి వస్తుంది కాబట్టి, డిజైన్ అతుకు కనబడకుండా కలుస్తుంది.

3. దుకాణం లోగోకి ఇంక్‌స్కేప్. ఫ్లెక్సీ అంత పెద్దది చేసినా అంచులు చెదరవు.

4. తెలుగు అక్షరాలకు యూనికోడ్ ఫాంట్లే వాడండి. రామభద్ర, మండలి, సూరన్న గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. జింప్‌లో, ఇంక్‌స్కేప్‌లో వీటి ఒత్తులు చక్కగా పడతాయి.

5. పని సగంలో ఉండగా జేపెగ్‌గా సేవ్ చేయకండి. లేయర్లన్నీ కలిసిపోతాయి, సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత తగ్గుతుంది. జింప్‌లో ఎక్స్‌సీఎఫ్, క్రిటాలో కేఆర్‌ఏ ఫైలు దాచుకోండి.

6. ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్క. 6×4 ఫొటోకి 1800×1200 ఉండాలి.

7. ఎవరో పంపిన లింకు నుంచి కాకుండా, ఆయా ప్రోగ్రామ్‌ల సొంత సైట్ల నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో క్రిటాకి డబ్బు అడుగుతారు, అది విరాళం కింద లెక్క. అదే క్రిటా వాళ్ల సైట్‌లో ఉచితం.