పేరులేని కుంచె

శ్రీకాకుళం పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతానికి చేరువలో శ్రీకూర్మ క్షేత్రం ఉన్నది. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకొనే ఆలయాలు దేశంలో అరుదు. ఇచ్చట స్వామి పశ్చిమాభిముఖుడు.

ఈ ఆలయ స్తంభాలపై తెలుగు, సంస్కృత శాసనాలు అనేకం ఉన్నాయి. అఖండదీపం కోసం దానమిచ్చినవారు, నైవేద్యానికి భూమినిచ్చినవారు వాటిలో కనిపిస్తారు. మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థులు ఇచ్చట యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించిన సంగతిని 1281వ సంవత్సరపు శాసనం తెలుపుతున్నది. దాతల పేర్లను రాయి ఇంత భద్రంగా దాచుకొన్నది.

అదే ఆలయంలో ప్రదక్షిణ మండపపు గోడలపై వర్ణచిత్రాలున్నాయి. విష్ణుమూర్తి అవతారాలు, శ్రీకృష్ణుని లీలలు వాటికి ఇతివృత్తాలు. వాటిని చిత్రించిన చేతుల పేర్లు మాత్రం లోకానికి తెలియవు.

ఆ చిత్రాల తీరు ఒడిశా పటచిత్రాలకు దగ్గరగా ఉంటుంది. ఇందులో వింత లేదు. తూర్పు గాంగుల ఏలుబడిలో ఈ సీమ, ఒడిశా తీరం ఒకే రాజ్యంగా ఉండేవి. భాషలు వేరైనా కళకు పొలిమేర లేదు. పటచిత్ర సంప్రదాయంలో శంఖాన్ని నూరి తెలుపును, హరిదళంతో పసుపును, ఇంగిలీకంతో ఎరుపును, దీపపు మసితో నలుపును సిద్ధం చేస్తారు. రంగు నిలవడానికి వెలగ బంకను కలుపుతారు. ఈ విద్య తండ్రి నుండి కుమారునికి సంక్రమించేది. ఒకరు గీత గీస్తే మరొకరు రంగు నింపేవారు. పలువురు కలిసి చేసిన పనిపై ఒక్కరి పేరు వ్రాసుకొనే ఆచారం లేదు.

ఈ స్థితి మన దేశానికే పరిమితం కాదు. ఫ్రాన్సులోని మూలాన్ పట్టణపు చర్చిలో, సాంస్కృతిక పునరుజ్జీవన కాలంలో, సుమారు 1500 ప్రాంతంలో చిత్రించిన ఒక పూజావేదిక చిత్రం ఉన్నది. నడుమ బాలయేసుతో మరియమాత, పక్క పలకలపై చిత్రాన్ని వేయించిన బూర్బన్ ప్రభువు రెండవ పియర్, ఆయన భార్య ఆన్ కనిపిస్తారు. అక్కడ కూడా దాతలు మిగిలారు, చిత్రకారుడు మరుగునపడ్డాడు. పండితులు అతనిని ‘మూలాన్ గురువు’ అని మాత్రమే వ్యవహరించారు. తరువాత 1494 నాటి మరొక చిత్రం వెలుగులోకి వచ్చింది. దాని వెనుక జాన్ హే అనే పేరు వ్రాసి ఉన్నది. రెండింటి పనితనాన్ని పోల్చి, ఆ ఇరువురూ ఒక్కరేనని పలువురు పండితులు నిర్ణయించారు.

ఇందులో గ్రహించవలసిన విషయమొకటి ఉన్నది. పేరు పోయినా చిత్రం మిగిలితే, ఆ గీతలే ఎన్నడో ఒకనాడు సాక్ష్యం చెప్పవచ్చు. చిత్రమే చెరిగిపోతే ఇక వెతకడానికి ఆధారముండదు. గోడలోని చెమ్మ, ఉప్పుగాలి, దీపాల పొగ, సున్నపు పూత, తాకే చేతులు కుడ్యచిత్రాలకు శత్రువులు. శ్రీకూర్మంలో రంగులు ఇప్పటికే చాలా చోట్ల వెలిసిపోయాయి.

నాటి చిత్రకారుడు పేరు కోరలేదని మెచ్చుకోవడం తేలిక. అతడు కోరలేదో, అతనిని ఎవరూ అడగలేదో చెప్పగలవారు లేరు. పేరు నిలపలేకపోయిన తరాలు కనీసం గోడనైనా నిలపాలి. ప్రదక్షిణ చేసే భక్తుడు ఒక్క క్షణమాగి, తాకకుండా చూసి వెళ్ళడం కూడా ఆ అజ్ఞాత కళాకారునికి అర్పించే నివాళియే.

కఠిన పదాలు – అర్థాలు
ఇతివృత్తం: కథావస్తువు
హరిదళం: పసుపుపచ్చని ఖనిజం
ఇంగిలీకం: ఎర్రని ఖనిజం
కుడ్యం: గోడ

ప్రశ్నలు
1. శ్రీకూర్మ శాసనాలకు, వర్ణచిత్రాలకు గల భేదాన్ని వివరించండి.
2. ‘మూలాన్ గురువు’ ఎవరో పండితులు ఎట్లు నిర్ణయించారు?