ఊకదంపుడు మాటలు, ఆదరించు మాటలు

ముఖ్య వాక్యభాగములు: యోబు 2:11–13, యోహాను 11:17–44

మరణము సంభవించిన యింటికి పరామర్శకు వచ్చువారు తరచుగా కొన్ని మాటలను సిద్ధముగా తెచ్చుకొందురు. "అంతా దేవుని చిత్తము", "దేవుడు మంచి పువ్వులనే ముందుగా కోసికొనును", "మోయలేని భారమును ఆయన ఎవరిమీదను పెట్టడు", "కాలమే అన్నిటిని మరపించును". చెప్పువారిలో దుర్బుద్ధి లేదు. మౌనముగా కూర్చుండుటకు బిడియపడి, ఏదో ఒకటి చెప్పవలెనను తొందరలో నోటికి వచ్చిన మాటను పలుకుదురు. అయితే బిడ్డను పోగొట్టుకొనిన తల్లి ఆ మాటలను ఎట్లు వినును? తన బిడ్డను పువ్వువలె త్రుంచుకొనిపోయిన దేవునిగూర్చి ఆమె వినుచున్నది. భారముక్రింద కూలిపోవుచున్న ఆమెతో, అది మోయదగిన భారమేయని చెప్పుచున్నారు. ఆ రాత్రి ప్రార్థింపగోరినయెడల, అట్టి దేవుని సన్నిధికి ఆమె ఏ ముఖముతో వెళ్లగలదు?

అరిగిపోయిన మాటలవలని అపాయము ఇదియే. అవి వినువారికి విసుగు పుట్టించుటతో ఆగవు; దేవునిగూర్చి అసత్యమును బోధింపగలవు. కావున ఈ విషయమును పరిశుద్ధ గ్రంథపు వెలుగులో పరిశీలించుట విశ్వాసికి అవసరము.

1. మాట అరిగిపోవుట ఎట్లు?

ఇట్టి మాటలకు తెలుగువారు చక్కని పేర్లు పెట్టిరి. నమిలినదానినే మరల నములుట చర్వితచర్వణము. బియ్యము వేరైన తరువాత మిగిలిన పొట్టునే రోటిలో వేసి దంచుట ఊకదంపుడు. శ్రమయు, చప్పుడును ఉండును గాని గింజ యుండదు.

ఫ్రెంచివారు వీటిని 'క్లిషే' అందురు. అది ముద్రణాలయములో పుట్టిన పదము. అక్షరములను ఒక్కసారి కూర్చి, ఆ పుటను లోహపు పలకగా పోతపోసినయెడల, కంపోజిటరు మరల అక్షరము ముట్టనక్కరలేకయే ఎన్ని ప్రతులనైనను అచ్చువేయవచ్చును. అట్టి పలకకు ఆ పేరు కలిగెను. ఆ పలక చెడ్డది కాదు. 1804లో స్థాపింపబడిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ అట్టి పలకలతో ముద్రించిన గ్రంథములను పేదలకు చౌకగా అందించెను. అయితే ఒక మనిషి దుఃఖము వేరొకని దుఃఖమునకు ప్రతి కాదు. గ్రంథమునకు పలక చాలును. దుఃఖితునితో మాటలాడునప్పుడు అక్షరములను మరల కూర్చవలసినదే.

సామెతలును ఇట్టివే. "నిదానమే ప్రధానము" అని ఒక సామెత. "ఆలస్యము అమృతము విషము" అని మరియొకటి. రెండును సత్యములే. ఏది ఎప్పుడు చెప్పవలెనో సామెత తానుగా చెప్పదు, పలుకువాడే వివేచింపవలెను. సామెతల గ్రంథము 26వ అధ్యాయములో 4, 5 వచనములు దీనినే నేర్పుచున్నవి. మూఢునికి ప్రత్యుత్తరమియ్యవద్దని ఒకటియు, ఇయ్యవలెనని మరొకటియు ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. అదే అధ్యాయము 7వ వచనము, మూఢుని నోట సామెతను సత్తువలేని కుంటివాని కాళ్లతో పోల్చుచున్నది.

2. యోబు స్నేహితులు

ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను ముగ్గురు యోబును ఓదార్చుటకు దూరమునుండి వచ్చిరి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన శ్రేష్ఠమైన పరామర్శ అదియే. వారు నోరు తెరచినప్పటినుండి ఆదరణ అంతరించెను.

వారు పలికినదంతయు అబద్ధమా? కాదు. జ్ఞానులు తమ కుయుక్తిలోనే పట్టుబడుదురని ఎలీఫజు పలికిన మాటను (యోబు 5:13) అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు లేఖనముగా ఉదాహరించెను (1 కొరింథీ. 3:19). ఒకే మాట పౌలు పత్రికలో సత్యమును స్థాపించుచున్నది, బూడిదలో కూర్చున్న యోబు యెదుట గాయమును రేపుచున్నది. కావుననే యోబు వారి నీతివాక్యములను బూడిదతో పోల్చెను (13:12). గ్రంథాంతమున దేవుడు, వారు తన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదని తీర్పుచెప్పెను (42:7).

వారి తప్పునకు మూలమేమో యోబు కనిపెట్టెను. తన ఆపదను చూచి వారు భయపడిరని 6:21లో చెప్పుచున్నాడు. నీతిమంతునికి ఇంతటి కీడు రాగలిగినయెడల అది రేపు తమకును రావచ్చును. ఆ భయమునుండి తప్పించుకొనుటకు వారు సూత్రముల చాటున దాగుకొనిరి. ఊకదంపుడు మాట అనేక పర్యాయములు వినువాని కొరకు పుట్టదు. పలుకువాని భయమును కప్పుటకు పుట్టును. మరియొకటి గమనింపదగును. ఆ సుదీర్ఘ సంభాషణలో స్నేహితులు దేవునిగూర్చి ఎంతయో మాటలాడిరి గాని, యోబు కొరకు దేవునితో ఒక్కమారైనను మాటలాడినట్లు లేదు. చివరకు ప్రార్థన చేసినవాడు యోబే. అదియు వారి నిమిత్తమే (42:10).

3. ప్రవక్తలు నిషేధించిన మాటలు

క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగొనిపోబడినవారిమధ్య ఒక సామెత వాడుకలో నుండెను. తండ్రులు పులిసిన ద్రాక్షలు తినగా పిల్లల పళ్లు పులిసెనని దాని భావము. ఒక తరము పాపఫలము మరియొక తరముపై పడుననుటలో కొంత వాస్తవమున్నది. అయినను ఆ సామెత చాటున జనులు తమ పాపమును ఒప్పుకొనుట మానివేసిరి. అందుచేత దేవుడు యెహెజ్కేలు ద్వారా ఆ సామెతను ఇశ్రాయేలులో ఇకమీదట పలుకకూడదని ఆజ్ఞాపించెను (18:2, 3).

యిర్మీయా గ్రంథము 23వ అధ్యాయమందు ఇంకొక నిషేధము కలదు. 'మస్సా' అను హీబ్రూ పదమునకు భారమనియు, దేవోక్తియనియు రెండర్థములు కలవు. నహూము, హబక్కూకు గ్రంథములు ఆ పదముతోనే ఆరంభమగుచున్నవి; అది గౌరవము గల పదము. అయితే యిర్మీయా దినములలో జనులు దానిని ఊతపదముగాను, పరిహాసముగాను వాడిరి. దేవుడు ఆ పదమును వారి నోటనుండి తీసివేసి, యెహోవా ఏమి ప్రత్యుత్తరమిచ్చెను, ఏమి చెప్పెను అని తేటమాటలతో అడుగుడనెను. ఆ అధ్యాయమే ధాన్యమునకు చెత్తతో ఏమి సంబంధమని ప్రశ్నించుచున్నది (23:28). దేవుడు మాటలో గింజను వెదకును.

4. వచనమే ఊతపదమైనప్పుడు

విశ్వాసులు వాడు కొన్ని మాటలు అసలు గ్రంథములోనివే కావు. తమకు తాము సహాయము చేసికొనువారికే దేవుడు సహాయము చేయుననునది అట్టిది. ఆ భావము ఈసపు కథలలో కలదు. 1736 సంవత్సరపు తన పంచాంగములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అట్టి వాక్యమును అచ్చువేసెను. సువార్త చెప్పునది దీనికి వేరు. బలహీనులై, తమకు తాము ఏమియు చేసికొనలేనివారి కొరకే క్రీస్తు చనిపోయెను (రోమా 5:6).

మరికొన్ని గ్రంథములోనివే గాని స్థానము తప్పినవి. మోయలేని భారము రాదనుటకు చూపబడు 1 కొరింథీ. 10:13 శోధనలో పడకుండ తప్పించుకొను మార్గమునుగూర్చినది. దుఃఖభారమును తూచి చెప్పిన మాట కాదది. అదే పౌలు తన రెండవ పత్రికలో, ఆసియలో తమకు శక్తికి మించిన భారము కలిగినదనియు, బ్రదుకుదుమను ఆశయే విడిచితిమనియు దాచక వ్రాసెను (1:8). అట్లే సమస్తమును మేలుకొరకు జరుగుననునది (రోమా 8:28) శ్రమలను తానే అనుభవించినవాడు తనను కలుపుకొని చేసిన ఒప్పుకోలు. దానికి ముందే, మాటలకందని మూలుగులతో ఆత్మ విజ్ఞాపనము చేయుచున్నాడని చెప్పబడినది. ఆ మూలుగును విడిచి, ఈ వచనమును మాత్రమే పొరుగువాని చేతిలో పెట్టుట న్యాయము కాదు.

5. బేతనియలో ప్రభువు

యోహాను 11వ అధ్యాయములో ఆశ్చర్యకరమైన విషయమొకటి కలదు. ప్రభువు అక్కడ ఉండినయెడల తమ సహోదరుడు చావకుండునని మార్త చెప్పెను (21వ వచనము). మరియ వచ్చి అదే మాట చెప్పెను (32వ వచనము). ఇద్దరి వాక్యమును ఒక్కటే. ప్రభువు ప్రత్యుత్తరము మాత్రము ఒక్కటి కాదు.

మార్త అంత్యదిన పునరుత్థానమును ఎరిగియుండెను. ఆమె సిద్ధాంతము సరియైనదే. అది దూరమున నున్నది. ప్రభువు దానిని దగ్గరకు తెచ్చి, ఆ పునరుత్థానము తానేయని చెప్పెను. మరియతో ఆయన బోధింపలేదు. ఆమె ఏడ్చుట చూచి కలవరపడి, సమాధి ఎక్కడయని అడిగి, కన్నీరు విడిచెను. కొద్దిసేపటిలో లాజరును లేపబోవుచున్నానని ఎరిగియు ఏడ్చెను. ఏడువవద్దనుటకు ఆయనకున్నంత హక్కు మరెవరికిని లేదు. అయినను ఆయన ఆ మాట పలుకలేదు.

ఆదరణకు కొలత ఇదియే. మాట పాతదా, క్రొత్తదా అనునది ప్రశ్న కాదు. వ్యర్థమైన పునరుక్తిని ఖండించిన ప్రభువే (మత్తయి 6:7) గెత్సేమనేలో మూడవసారియు అదే మాటతో ప్రార్థించెను (26:44). హృదయభారముతో పలికినప్పుడు పాతమాటయు సజీవమే. ఎదుటివానిని చూచి, విని, అతని భారములో పాలుపొంది పలికిన మాట ఆదరించును. అతనిని చూడకయే పలికినది ఎంత సత్యమైనను ఊకయే.

కాబట్టి పరామర్శకు వెళ్లువాడు మొదట కూర్చుండవలెను. చనిపోయినవారి పేరుపెట్టి వారినిగూర్చి అడుగవలెను. చెప్పినది తొందరపడక వినవలెను. పొయ్యి వెలుగని యింటికి అన్నము తీసికొనిపోవలెను. చలిగొన్నవానితో వెచ్చగా నుండుమని చెప్పి వస్త్రమియ్యని విశ్వాసమును యాకోబు మృతమైనదనెను (2:15–17). చెప్పుటకేమియు తోచనప్పుడు తోచలేదని ఒప్పుకొనుట సత్యమే; అట్టి సత్యము దేవునికి అవమానము తేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యోబు స్నేహితుల మాటలలో సత్యమున్నను, దేవుడు వారిని ఎందుకు గద్దించెను?

2. ప్రభువు మార్తకును మరియకును వేర్వేరుగా ప్రత్యుత్తరమిచ్చుటనుండి సంఘపు పరామర్శకులు ఏమి నేర్చుకొనవలెను?

3. స్థానిక సంఘములో దుఃఖితులయెదుట తరచుగా వినబడు మాట ఒకటి ఎన్నుకొనుడు. అది గ్రంథములోనిదా? అయినయెడల ఎవరితో, ఏ సందర్భమున చెప్పబడినది? దుఃఖములో నున్నవారు దానిని ఎట్లు వినుదురు?