నీళ్లు తగ్గాయి... ఇక మెట్లు దిగండి!

"మా ఫ్లాట్‌లోకి చుక్క నీరు రాలేదండీ. మాకేం ఇబ్బంది లేదు."

మూడో అంతస్తు వాళ్ల నోట ఈ మాట వింటే నేను వెంటనే అడుగుతాను. మీ మోటార్ ఎక్కడుంది? మీటర్లు ఎక్కడున్నాయి? సంపు? బండి? అన్నీ కిందే కదా!

2024 సెప్టెంబర్ 1 గుర్తుందా? బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. పై అంతస్తుల వాళ్ల గడప తడవలేదు. కానీ కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, పిల్లలకు పాలు లేవు. భోజనం పొట్లాలు డ్రోన్ల మీద వచ్చాయి. ఆ తర్వాత ప్రభుత్వం సాయం ప్రకటించింది. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, మొదటి అంతస్తు ఆపైన ఉన్నవాళ్లకు 10 వేలు. పైవాళ్లూ బాధితులేనని ప్రభుత్వమే లెక్కగట్టింది. మీరు మాత్రం "మాకేం కాలేదు" అంటే ఎలా?

దీనికి నేను పెట్టుకున్న పేరు 'పై అంతస్తు మైండ్‌సెట్'. మందు చాలా సింపుల్. మెట్లు దిగండి.

దిగగానే చెయ్యకూడనివి

ఉత్సాహం మంచిదే. తొందర మాత్రం వద్దు.

- మెయిన్ స్విచ్ ముట్టుకోకండి. తడిసిన మీటర్ బోర్డును ఎలక్ట్రీషియన్ చూసి సరే అనాలి. అప్పటిదాకా లిఫ్ట్ కూడా బంద్.
- మునిగిన కారు స్టార్ట్ చెయ్యకండి. ఇంజిన్‌లో నీళ్లుంటే ఆ ఒక్క తాళం తిప్పుడుతో పాడైపోతుంది. బీమాలో 'ఇంజిన్ ప్రొటెక్ట్' కవర్ లేకపోతే ఆ క్లెయిమ్ దక్కడం కష్టం.
- సెల్లార్ నీళ్లు ఒక్క పూటలో తోడెయ్యకండి. చుట్టూ నేల నీళ్లు తాగి బరువెక్కి ఉంటుంది. లోపల ఒక్కసారిగా ఖాళీ అయితే గోడలు ఆ ఒత్తిడికి బీటలు వారొచ్చు. రోజుకు మూడో వంతు చొప్పున తీయించండి.
- జనరేటర్ సెల్లార్‌లో పెట్టకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ప్రాణం తీస్తుంది.

చీపురు పట్టే ముందు ఫోన్ పట్టండి. గోడ మీద నీటి మరక, పాడైన ఫ్రిజ్, తడిసిన పరుపు... అన్నీ ఫొటో తీయండి. ఇల్లు కడిగేశాక బీమా సర్వేయర్‌కు చూపించడానికి ఏమీ మిగలదు.

సంపు సంగతి మర్చిపోవద్దు. ఖాళీ చేసి, అడుగు బురద ఎత్తి, బ్లీచింగ్‌తో కడిగాకే మళ్లీ నింపాలి. అప్పటిదాకా కాచిన నీళ్లే తాగండి, ఐదో అంతస్తులో ఉన్నా సరే.

"ఏమైనా కావాలంటే చెప్పండి" అనకండి

మనందరికీ అలవాటైన మాట. పనికిరాని మాట కూడా. ఇల్లంతా బురదైన మనిషికి ఏం కావాలో ఆలోచించే ఓపిక ఎక్కడుంటుంది? ఉన్నా మొహమాటం అడగనివ్వదు. అందుకే పని పేరు చెప్పి అడగండి.

"అక్కా, పిల్లల యూనిఫాంలు ఇవ్వండి. కరెంటు రాగానే మా మెషీన్‌లో వేస్తాను."

"బాబాయిగారూ, తడిసిన కాగితాలన్నీ ఇటివ్వండి. మా హాల్లో ఫ్యాన్ కింద ఆరబెడతాను." (అతుక్కున్న పేజీలను లాగొద్దు, ఎండలో పడెయ్యొద్దు.)

"రాత్రికి వంట మాది. ఎంతమంది ఉన్నారు?"

తేడా చూశారా? ఎదుటివాళ్లు "ఊ" అంటే చాలు, పని మొదలైపోతుంది. "ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు" అనే ఓదార్పు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. కూతురి పెళ్లికి కొన్న చీరలు బురదలో చూసుకుంటున్న తల్లికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది.

గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లూ, మీకూ ఒక మాట. సాయం తీసుకోవడం చిన్నతనం కాదు. ఎవరైనా చీపురు పట్టుకొని వస్తే "పర్లేదండీ, మేం చేసుకుంటాం" అనకండి. గది చూపించండి.

మొదటి గడప వాచ్‌మన్‌ది

అపార్ట్‌మెంట్‌లో నీళ్లు మొదట దూరేది వాచ్‌మన్ గదిలోకి. చాలాసార్లు దానికి డోర్ నంబర్ ఉండదు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఫ్లాట్లు లెక్కపెట్టుకొని వెళ్లిపోతారు. మన బురద ఎత్తేది మాత్రం అతనే! నాకు ఇది మహా సిగ్గుగా అనిపిస్తుంది.

కాబట్టి సర్వే వాళ్లు వచ్చినప్పుడు సెక్రటరీగారు దగ్గరుండి ఆ కుటుంబం పేరు రాయించాలి. గ్యాస్ స్టవ్, బియ్యం, దుప్పట్లు మొదట ఆ గదికే చేరాలి.

డబ్బు గొడవ వస్తుంది, రెడీగా ఉండండి

"లిఫ్ట్ మేం వాడం, మేమెందుకు కట్టాలి?" అని కిందివాళ్లు. "సెల్లార్‌లో మాకు పార్కింగే లేదు" అని పైవాళ్లు. ఈ వాదన వాట్సాప్ గ్రూప్‌లో పెట్టుకున్నారో, నెల గడిచినా తెగదు. రోజూ సాయంత్రం ఏడింటికి పది నిమిషాలు స్టిల్ట్‌లో నిలబడి మాట్లాడుకోండి. నిలబడితే ఉపన్యాసాలు తగ్గుతాయి. నా తీర్పు అడిగితే... నీళ్లు తోడించడం, సంపు, మోటార్, మీటర్ బోర్డు ఖర్చు అందరిదీ. సమానంగా. చర్చ లేదు.

ఇల్లు ఆరిపోగానే మనకు మతిమరుపు వస్తుంది. అది రాకముందే, ఈ ఆదివారమే, మీటింగ్ పెట్టండి. ఒకే ఒక్క అజెండా: మీటర్ బోర్డును వరద మరక కంటే పైకి ఎక్కించడం. ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలవండి. పై అంతస్తు వాళ్లు ముందు రావాలి.