అప్పుడు రాని దురద ఇప్పుడెందుకు?



మన చదువు కేంద్రానికి ఒక అక్క పది రోజులు రాలేదు. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అక్క చేతులు చూపించింది. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు, నీటి పొక్కులు.

"అంటురోగమని కూలికి పిలవడం లేదు టీచరమ్మా" అంది.

"ఏం పని చేశావక్కా?"

"చేలో వయ్యారిభామ పీకాను. ఏళ్ళ తరబడి పీకుతూనే ఉన్నా. అప్పుడు రాని దురద ఇప్పుడెందుకు వచ్చింది?"

మంచి ప్రశ్న. జవాబు తెలుసుకుందాం.

వయ్యారిభామను కాంగ్రెసు గడ్డి అని కూడా అంటారు. తెల్లని చిన్న పూలు పూస్తుంది. ఇందులో పార్థీనిన్ అనే విషం ఉంది.

మన ఒళ్ళంతా కణాలతో తయారైంది. అవి కంటికి కనిపించనంత చిన్నవి. చర్మంలో కాపలా కణాలు ఉంటాయి. వీటిని 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మనీ వైద్య విద్యార్థి వివరించాడు. అతని పేరే వీటికి పెట్టారు.

మొక్క తగిలితే విషం చర్మంలోకి దిగుతుంది. కాపలా కణాలు దాన్ని పట్టుకుంటాయి. చర్మం వదిలి బయలుదేరతాయి. సన్నని గొట్టాల వెంట చంక దగ్గరికి పోతాయి. చేతికి పుండైతే చంకలో బిళ్ళ కడుతుంది కదా! ఆ బిళ్ళలు అందరికీ ఎప్పుడూ ఉంటాయి. వాచినప్పుడే మనకు తెలుస్తాయి.

ఆ బిళ్ళల్లో తెల్ల రక్తకణాలు ఉంటాయి. కాపలా కణాలు వాటికి విషాన్ని చూపిస్తాయి. గుర్తుపట్టినవి ఒకటి పదై, పది వందై పెరుగుతాయి. ఇందుకు 10 నుంచి 14 రోజులు పడుతుంది. అందుకే మొదట ఏమీ కనిపించదు. కొందరికి ఏళ్ళు తాకాకే ఇలా జరుగుతుంది. కొందరికి అసలు జరగదు.

మొక్క మళ్ళీ తగిలిందనుకోండి. ఆ కణాలు చర్మంలోకి వచ్చి పోరాడతాయి. ఒకటి రెండు రోజుల్లో దద్దుర్లు లేస్తాయి. ఇదే అలర్జీ. అవి పగవాణ్ణి మరచిపోవు. ఏళ్ళ తర్వాత తగిలినా దురద వస్తుంది.

ఇందులో క్రిమి లేదు. కాబట్టి ఇది అంటురోగం కాదు.

ఏం చేయాలి?

• దద్దుర్లు వచ్చినవాళ్ళు ఈ మొక్కను తాకకూడదు.
• మిగతావాళ్ళు చేతులు కప్పుకుని, పూత రాకముందే పీకాలి.
• పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి.
• పసర్లు పూయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.

ఈ మాటలు ఊళ్ళో నలుగురికీ చెప్పాం. ఇప్పుడు అక్క కేంద్రానికి వస్తోంది. కూలికీ పిలుస్తున్నారు. వయ్యారిభామ ఉన్న చేనికి మాత్రం పోవడం లేదు.

చెప్పండి:
1. కాపలా కణాలు విషాన్ని ఎక్కడికి తీసుకుపోతాయి?
2. అలర్జీ దద్దుర్లు ఎందుకు అంటుకోవు?