పాత బట్టల బొంత

స్త్రీల సమాజ పాఠము. చదువవలసిన భాగములు: మార్కు 2:21, లూకా 5:36, అపొస్తలుల కార్యములు 9:36–41.



గత నెల సమాజ కూడికలో ఒక సహోదరి అడిగిన ప్రశ్ననుబట్టి ఈ పాఠము వ్రాయుచున్నాము. ఆమె భర్త ప్రభువునందు నిద్రించి ఏడాది కావచ్చినది. ఆయన చొక్కాలు, పంచెలు ఇంకను పెట్టెలోనే ఉన్నవి. వాటిని ఇంటిలో ఉంచుకొనరాదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. ఎవరికైనను ఇచ్చివేయుమని బంధువులు చెప్పిరి. "అయ్యగారూ, వాటిని ఏమి చేయమంటారు?" అని ఆమె అడిగినప్పుడు మేము వెంటనే ఉత్తరమియ్యలేకపోతిమి. ఎందుకో ముందుకు చెప్పెదము. ఇప్పుడు మా ఉత్తరమేమనగా, వాటితో బొంత కుట్టుడి.

బొంత మనకు క్రొత్త కాదు. పాత చీరలు మడతలుగా పరచి, చుట్టును నడుమను కుట్లు వేసిన బొంతల క్రిందనే మనలో అనేకులము పెరిగితిమి. అయితే ఇక్కడ మేము చెప్పునది గుడ్డముక్కలను కొలతప్రకారము చదరములుగాను పట్టీలుగాను అతికి, పైభాగము ఒక బొమ్మవలె అమర్చు బొంత. అమెరికాలోని ఒక పల్లెటూరి స్త్రీల పని చూచి మేము దీనిని నేర్చుకొంటిమి.

ఆ ఊరు జీస్ బెండ్. అలబామా నది మూడు ప్రక్కల చుట్టి పారుచుండగా నడుమనున్న పల్లె అది. 1816లో జోసఫ్ గీ అను ఆసామి అక్కడ ప్రత్తి సేద్యము పెట్టి నల్లజాతి బానిసలచేత పని చేయించెను. 1845లో ఆ భూమియు దానిమీది మనుష్యులును మార్క్ పెట్‌వే అనువాని చేతికి పోయిరి. బానిసత్వము పోయిన తరువాత వారి సంతతివారు అక్కడనే కౌలుకు నిలిచిరి. ఆ యజమానుని ఇంటిపేరే నేటికిని ఆ ఊరిలో అనేకులకు ఉన్నది. 1932లో వారికి అరువిచ్చుచుండిన వర్తకుడు చనిపోగా, అతని భార్య బాకీ క్రింద పశువులను పనిముట్లను తోలించుకొని పోయెను. అట్టి ఊరిలో చలికి క్రొత్త గుడ్డ ఎక్కడిది? మోకాళ్లు చిరిగిన పనిబట్టలు, పిండి సంచులు, ఎరువు సంచులు, ఇవే ఉండినవి. సందులున్న కొయ్య ఇండ్లలో బిడ్డలకు వెచ్చగా ఉండుటకై స్త్రీలు వాటిని చించి, అతికి, బొంతలు చేసిరి. తల్లి కుట్టునది చూచి కుమార్తె నేర్చుకొనెను.

1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘముగా కూడి బొంతలు అమ్మసాగిరి. 2002లో హ్యూస్టన్ నగరపు మ్యూజియమువారు జీస్ బెండ్ బొంతలను చిత్రపటములవలె గోడలకు వ్రేలాడదీసిరి. తరువాత న్యూయార్కులోని విట్నీ మ్యూజియములోను అట్లే చేసిరి. ఈ కాలపు గొప్ప చిత్రకారులు గీయు గీతలకును చదరములకును ఇవి సమానమని చూచినవారు మెచ్చుకొనిరి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో పది బిళ్లలు వేసెను. ఈ ఘనత వినుటకు బాగుగానే యున్నది. అయితే మా మనస్సు నిలిచినది ఒక్క బొంతమీదనే.

దానిని కుట్టినది మిస్సోరి పెట్‌వే అను ఆమె. 1942లో, భర్త చనిపోయిన పిమ్మట, అతని పనిబట్టలను విప్పి కుట్టెను. వెలిసిన నీలము, తెలుపు, గోధుమరంగు పట్టీలు, వాటితో కలిసి సంచిగుడ్డ. పొడవు సుమారు 90 అంగుళములు, వెడల్పు 69. అతని గుర్తుగా కప్పుకొనవలెననియే తల్లి ఆ పని పెట్టుకొనెనని కుమార్తె అర్లోంజియా తరువాతి కాలమున చెప్పెను. 2020లో ఆ బొంత వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాలకు చేరినది.

ఇప్పుడు మా సంగతి. 2009లో మా నాయనగారు పోయిరి. మేము అప్పుడే సెమినరీ నుండి వచ్చి పరిచర్యలో క్రొత్తగా ఉంటిమి. ఆదరణ కూడిక ముగిసిన సాయంకాలమే ఆయన బట్టలన్నియు మూటకట్టి పంచిపెట్టితిమి. మా అమ్మగారు ఒక్క చొక్కా ఉంచుమనిరి. "అమ్మా, ఆయన ప్రభువునొద్ద ఉన్నాడు, ఈ గుడ్డలెందుకు?" అని అంటిమి. ఆమె మరల అడుగలేదు. ఎనిమిదేండ్లకు ఆమెయు వెళ్లిపోయిన తరువాత కళ్లద్దముల డబ్బా తెరచి చూడగా, అద్దములు ఒక గళ్ల గుడ్డముక్కలో చుట్టియుండెను. అది మా నాయనగారి తువ్వాలు. మూట కట్టకమునుపే ఆమె దానిని చించి దాచుకొనెనన్న మాట. కన్న తల్లి, కుమారునికి తెలియకుండ దాచుకొనవలసి వచ్చెను. ఆ సహోదరికి వెంటనే ఉత్తరమియ్యలేకపోయినది ఇందుకే.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు దగ్గర నిలువబడి, ఆమె తమతోకూడ ఉన్నప్పుడు కుట్టిన అంగీలను వస్త్రములను చూపుచు ఏడ్చిరి. తరువాత పేతురు వారిని వెలుపలికి పంపిన మాట నిజమే. అయితే ఆ బట్టలు పట్టుకొన్నందుకు వారిని గద్దించినట్లు వ్రాయబడలేదు. మేము గద్దించితిమి.

ఇక పనికి వత్తము. మొదటి నియమము మార్కు సువార్తలోనే ఉన్నది. పాత బట్టకు మాసిక వేయు ఉపమానములో, మన తెలుగు బైబిలులో క్రొత్త గుడ్డ అని ఉన్నచోట, గ్రీకు మాటకు బట్టను ఉతికి తొక్కి చిక్కన చేయు పనివాని చేయి ఇంకను పడని గుడ్డ అని అర్థము. మార్కు 9:3లో చాకలి అని తర్జుమా చేసిన మాటకును దీనికిని మూలమొక్కటే. సెమినరీలో దీనిని పరీక్షకొరకు నేర్చుకొంటిమి. అర్థమైనది మా మొదటి బొంతతో. అందముగా ఉండునని నడుమ ఒక క్రొత్త ఎఱ్ఱ గుడ్డను ఉతుకకుండ పెట్టితిమి. మొదటి ఉతుకులోనే అది కుంచించుకొని, చుట్టునున్న పాత పట్టీలను లాగి, ఒక మూల చినిగిపోయెను. రంగు కూడ దిగెను. లూకా 5:36లో క్రొత్త బట్టను చింపి మాసిక వేయువాడు దానిని కూడ పాడుచేసికొనును. ఈ వచనమును పాతదానినంతటిని పారవేయవలెనన్నట్లు బోధించుట కద్దు. మేమును బోధించితిమి. పాత బట్టను పారవేయుమని అందులో లేదు. కనుక ఎన్నియో సారులు ఉతికిన బట్టలనే వాడుడి. క్రొత్తది కలుపవలసివస్తే ముందు వేడినీళ్లలో రెండు మారులు తడిపి ఆరవేయుడి.

జీస్ బెండ్ స్త్రీలు ఇంటికప్పు అను పేరుతో కుట్టు అమరిక మనకు సులువు. నడుమ ఒక చదరము, దాని చుట్టు చుట్లుగా పట్టీలు. ఈ క్రింది కొలతలు మా ఇంటివారు కుట్టి చూచినవి.

నడుమ చదరము 6 అంగుళములు. కుట్టులోనికి ప్రతి ప్రక్క పావు అంగుళము పోవును గనుక 6½ కత్తిరించవలెను. పట్టీల వెడల్పు 3 అంగుళములు, కత్తిరించునది 3½. మొదటి చుట్టులో నాలుగు పట్టీల పొడవు వరుసగా 6, 9, 9, 12. ప్రతిదానికి అర అంగుళము కలుపుడి. చుట్టు పూర్తియైనప్పుడు 12 అంగుళముల చదరమగును. ప్రతి చుట్టుకు 6 అంగుళములు పెరుగును. తొమ్మిది చుట్లకు, అనగా 36 పట్టీలకు, 60 అంగుళములు వచ్చును. అది పిల్లలకు చాలును. పెద్దవారికైతే తలవైపు అయిదు, కాళ్లవైపు అయిదు అడ్డపట్టీలు చేర్చుడి, పొడవు 90 అగును.

పట్టీని పడుగువెంబడి గాని పేకవెంబడి గాని కత్తిరించుడి. ఐమూలగా కత్తిరించినది సాగి బొంతను వంకరచేయును. చొక్కా చేతులలో ఈ ప్రమాదమెక్కువ. పొడవైన పట్టీలు వీపుభాగములో దొరకును. చాలనిచోట రెండు ముక్కలు అతికినను తప్పులేదు. జేబు విప్పినచోట రంగు వెలియక ముదురుగా కనబడును. దానిని దాచకుడి. టెరికాటను అయితే ఇస్త్రీ వేడి తగ్గించుడి, లేనియెడల ముడుచుకొనును.

అందరును పొరపడునది ఒకటున్నది. పట్టీని పొడవుగా పెట్టి కుట్టుకొనిపోయి, చివర మిగిలినది కత్తిరింతురు. కుట్టు యంత్రము పైగుడ్డను కొంత సాగదీయును, చుట్టు చుట్టుకు అది కూడి బొంత అంచులు అలలవలె లేచును. కనుక అతికినంతవరకు బల్లమీద పరచి, దాని నడుమనుండి టేపు పెట్టి కొలిచి, ఆ కొలతకే పట్టీని ముందు కత్తిరించుడి. రెండు చివరలను నడుమను గుండుసూదులు గ్రుచ్చి తరువాత కుట్టుడి. కాగితముమీది లెక్కకును మీ బల్లమీది గుడ్డకును తేడా వచ్చినయెడల గుడ్డనే నమ్ముడి.

పైభాగమైన తరువాత నేలమీద వెనుకగుడ్డ, దానిమీద పాత నూలు చీర రెండు మడతలు, ఆపైన అతికినది పరచి, మూలలకు రాళ్లు పెట్టి, నడుమనుండి వెలుపలికి పెద్దకుట్లు వేసి నిలుపుడి. తరువాత పట్టీల వెంబడి సన్నకుట్లు వేయుడి. చీరకు బదులు దూది పెట్టువారు బెత్తెడుకొక వరుస కుట్టవలెను, లేనియెడల ఉతుకులో దూది ఉండలుకట్టును. చివరగా వెనుకగుడ్డ అంచును ముందుకు మడిచి కుట్టినచాలును.

ఆ సహోదరి ఇప్పుడు మూడవ చుట్టులో ఉన్నది. నడుమ చదరమునకు ఆయన ఆదివారపు చొక్కా తీసికొనెను. వెనుకగుడ్డకు పంచె సరిపోవునా అని మొన్న కబురు పంపెను. నాలుగు గజముల పంచె, వెడల్పు 50 అంగుళములున్నది, ఒక్కటి చాలును. దానిని అడ్డముగా సగమునకు చించి, రెండు ముక్కల అంచులను కలిపి కుట్టినయెడల 72 అంగుళములకు 99 వచ్చును.