పెరటిలో హాలీహాక్ పూలు: బెండకు, పత్తికి ముప్పు రాకుండ పెంచు విధము

హాలీహాక్ నిటారుగా ఐదారు అడుగుల ఎత్తు పెరుగు పూలమొక్క. తెలుపు, గులాబి, ఎరుపు, పసుపు రంగుల పెద్ద పూలు కాండము వెంట క్రింది నుండి పైకి వరుసగా విచ్చును. ప్రహరీగోడ వెంట గాని, పంచాయతీ కార్యాలయము, పాఠశాల ఆవరణలలో గాని ఒక వరుస వేసినచో కనులపండువుగా ఉండును. అయితే ఇది బెండ, పత్తి, గోంగూరల వలె మందార కుటుంబములోనిది. వాటి చీడపీడలలో కొన్ని దీనిని కూడ ఆశ్రయించును. ఈ సంగతి తెలిసి పెంచిన రైతుకు పూలూ దక్కును, పంటా దక్కును.

రకము: చలిదేశములలో సాధారణముగా ఇది మొదటి ఏడు ఆకు తొడిగి, రెండవ ఏడు పూయును. అట్టి రకములు మన మైదానములకు అనువు కావు. విత్తిన ఏడాదిలోనే పూచు ఏకవార్షిక రకమని చూచి విత్తనము కొనవలెను.

విత్తుట: వానల ఉధృతి తగ్గిన పిదప, అక్టోబరు, నవంబరు నెలలలో విత్తవలెను. బాగుగా ఎండ తగులు, నీరు నిలువని చోటు ఎంచుకొని, జానెడు లోతు త్రవ్వి, చివికిన పశువుల ఎరువు కలుపవలెను. గింజలను ఒక రాత్రి నానబెట్టి, రెండడుగుల ఎడముగా, కుదురుకు మూడేసి చొప్పున పావు అంగుళము లోతున నాటవలెను. సుమారు రెండు వారములలో మొలకలు వచ్చును. కుదురుకు బలమైన మొక్క నొకదానిని ఉంచి తక్కినవి తీసివేయవలెను. దీని తల్లివేరు లోతుగా పోవును గనుక ఎదిగిన మొక్కను పీకి నాటినచో తట్టుకొనదు. నారు పోసినవారు మూడు నాలుగు ఆకులు రాగానే, వేళ్ళ మన్ను చెదరకుండ నాటుకొనవలెను.

పోషణ: నీరు మొదట పోయవలెను, ఆకులపై చల్లరాదు. ఆకులు తడిగా ఉన్నచో తుప్పు తెగులు వ్యాపించును. ఆకు అడుగున నారింజరంగు పొక్కులు కనబడినచో ఆ ఆకులను త్రుంచి కాల్చవలెను. మొక్క మూడడుగులు ఎదిగినప్పుడు వెదురుకర్ర ఊతమిచ్చి కట్టవలెను.

ముఖ్య హెచ్చరిక: బెండకు వచ్చు పల్లాకు తెగులు దీనికి కూడ సోకును. తెల్లదోమ ఈ తెగులును మొక్క నుండి మొక్కకు చేర్చును. సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. ఈనెలు పసుపుపచ్చగా మారిన మొక్కను వెంటనే వేళ్ళతో పెరికి నాశనము చేయవలెను. పత్తికాయలను, బెండకాయలను తొలుచు మచ్చల పురుగు కూడ, ఆ పంటలు లేని కాలములో దీనిపై బ్రతుకును. కనుక బెండమడి ప్రక్కన గాని, పత్తిచేని గట్టున గాని దీనిని వేయరాదు. పూత ముగిసిన మొక్కలను వేసవిలో నిలువనీయరాదు.

విత్తనము దాచుట: విత్తనము కొరకు ఆరోగ్యమైన మొక్కలు ఒకటి రెండు మాత్రమే ఉంచవలెను. కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండిన పిదప, చక్రము వలె అమరియుండు బిళ్ళగింజలను విడదీసి, నీడలో ఆరబెట్టి, గాలి చొరని సీసాలో దాచవలెను. గింజ తీసిన వెంటనే ఆ మొక్కలను కూడ పెరికివేయవలెను. వేరువేరు రంగుల మొక్కలు దగ్గరగా ఉన్నచో పుప్పొడి కలియును గనుక మరుసటి ఏడు అదే రంగు రాకపోవచ్చును.

వారమునకు ఒకసారి ఆకులను తిరగవేసి చూచుట మరువకుడు. ఒక వరుస పూల కొరకు ఒక మడి బెండను పోగొట్టుకొనుట తగదు.